అవ్వ పట్టుబట్టిన గోదావరి

మా చిన్నప్పుడు... మా ఊరు నర్మెట్టలో బాప్తిస్మం అంటే వ్యవసాయ బావిలోనే. మా పాస్టరును అయ్యగారు అనేవాళ్లం. ఆయన మెట్ల దగ్గర నడుము లోతు నీళ్లలో నిలబడేవారు. తెల్లబట్టల్లో ఒక్కొక్కరే దిగి, మునిగి, వణుకుతూ పైకి వచ్చేవారు. అమ్మ, బాపు అట్లాగే తీసుకున్నారు.

మా నాయినమ్మను అందరం అవ్వ అనేవాళ్లం. తాత పోయాక ఆమె మా వెంట ప్రార్థనకు రావడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం తనకూ బాప్తిస్మం ఇమ్మంది. అయితే బావిలో కాదు... కాళేశ్వరంలో, గోదావరిలో.

“గంత దూరం ఎందుకవ్వా? నీళ్లు యాడనైనా నీళ్లే” అన్నారు అయ్యగారు.

“యేసయ్య బాయిల తీసుకున్నడా, నదిల తీసుకున్నడా?”

“యొర్దాను నదిల.”

“మరి నన్ను బాయిల ఎట్ల ముంచుతరు?”

అయ్యగారు నయమాను కథ ఎత్తుకున్నారు. కుష్ఠు నయం కావాలంటే యొర్దానులో మునగమని ప్రవక్త చెబితే, ఆ సేనాధిపతి మా దమస్కు నదులు ఉండగా యొర్దానులో ఎందుకు మునగాలని కోపం తెచ్చుకున్నాడని, నదిని ఎంచుకోవడం మన పని కాదని చెప్పారు.

“గాయినను గూడ దేవుడు నదికే పంపిండు గదా. బాయికి పంపలే” అంది అవ్వ.

అసలు కారణం ఇంట్లో అందరికీ తెలుసు. తాత అస్థికలు కలిపింది కాళేశ్వరంలోనే. బాప్తిస్మం తీసుకుంటే తాతకు దూరమవుతానని అవ్వ భయం. తీసుకోకపోతే రేపు పోయాక మా చర్చి సమాధుల తోటలో చోటుండదని ఇంకో భయం.

బాపుకు అన్న, మా పెద్దబాపు, చర్చికి వచ్చేవాడు కాదు. ఆయన నవ్వాడు.

“గోదాట్ల మునిగితే మనోళ్లకు పుణ్యమాయె. నువ్వు ఎవలకు మునుగుతవే అవ్వా?”

“మునిగినంక చెప్త తియ్యి.”

నేను బైబిలు వెనక ఉన్న పటంలో గోదావరిని వెతికాను. దొరకలేదు. ఏదెను తోట నుంచి పారిన నాలుగు నదుల్లో హిద్దెకెలు, అంటే టైగ్రిస్, యూఫ్రటీసు పటంలో ఉన్నాయి. పీషోను, గీహోను లేవు. ఆ రెండింట్లో ఒకటి మనదే అయి ఉంటుందనుకున్నాను. తర్వాత యెరూషలేములో ఒక ఊట పేరు కూడా గీహోనే అని తెలిసి, తికమక ఇంకా పెరిగింది. అయ్యగారిని అడిగాను.

“గా రెండు నదులు యాడున్నయో ఎవలకూ తెల్వదు బిడ్డా” అన్నారు.

అవ్వ పంతం ముందు అయ్యగారే తగ్గారు. భూపాలపల్లి మీదుగా కాళేశ్వరానికి జీపులో పోయాం. పెద్దబాపు కూడా వచ్చాడు... అస్థికలు కలిపిన చోటు తెలిసింది ఆయనకే. తీరా పోయేసరికి ఇసుక మేటలు మారాయి. పాయ ఎటో జరిగింది.

“గీడనే... కాదు కాదు, గాడ.”

ఆయన ఒడ్డు వెంట తిరుగుతుంటే, బైబిలు పట్టుకుని అయ్యగారు వెనకే తిరిగారు. పిండాలు పెట్టించే పంతులు మమ్మల్ని చూసి, “ఎవల పేరు మీద?” అని అడిగాడు.

చివరికి అవ్వే విసిగి, ఉన్నచోటనే నీళ్లలోకి దిగింది. అయ్యగారు ముంచి లేపారు. లేచిన అవ్వ దోసిట్లో నీళ్లు తీసుకుని, తాత పేరు పలికి వదిలింది. మొగుని పేరు నోటితో చెప్పని తరం ఆమెది. ఆ పేరు ఆమె నోట మేము వినడం అదే మొదలు. తర్వాత “ఆమెన్” అంది.

అయ్యగారు పెద్దబాపును చూశారు. పెద్దబాపు అయ్యగారిని చూశాడు. జరిగింది తప్పో ఒప్పో ఇద్దరికీ తెలియలేదు.

తిరుగుదారిలో పెద్దబాపు మళ్లీ అడిగాడు. ఈసారి నవ్వలేదు.

“ఎవలకు మునిగినవే?”

“నాకేమెరుక కొడుకా. నీళ్లయితే సల్లగున్నయి.”

అవ్వ పోయినప్పుడు నర్మెట్టలోనే, మా సమాధుల తోటలో పెట్టాం. ఇప్పుడు చర్చిలోనే సిమెంటు తొట్టి ఉంది. నల్లా తిప్పితే నిండుతుంది. ఏ నది అని అడిగేవాళ్లు లేరు.

కాళేశ్వరం దాటి కిందికి వచ్చిన గోదావరి నీటిని ఎత్తిపోసి, మా చెరువుల దాకా తెస్తున్నారు. విలేకరిగా ఆ వార్త నేనూ రాశాను. కాలువ అవ్వ సమాధి పక్కనుంచే పోతుందన్నది మాత్రం అందులో రాయలేదు. ఆ నీళ్లలో తాత ఉన్నాడనడానికి నా దగ్గర ఆధారం లేదు... లేడనడానికీ లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఫలానా నీళ్లే కావాలని పట్టుబట్టారా? ఎందుకో మీకైనా చెప్పారా...