యుద్ధనౌక తరఫున సాక్ష్యం

ఎడారిలోనూ నాకు అన్నం పెట్టిన దేవునికి స్తోత్రం. ఆయన్ను తలుచుకోకుండా ఏ మాటా మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఆ అలవాటు ఒకసారి నన్ను ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెబుతాను. ముందు మీరూ ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఆయనకు వందనాలు చెప్పి, తర్వాత చదవండి.

ఆ రోజుల్లో, అంటే కరోనా తగ్గినా మాస్కులు మాత్రం ఇంకా ముఖాలను వదలని రోజుల్లో, నేను అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలో నమూనా ఓడలు, నమూనా భవనాలు చేసే వర్క్‌షాపులో రంగులు వేసేవాణ్ణి. ఆ నెలతో ప్రొబేషన్ అయిపోతుంది. ఉంచుతారో, టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపుతారో ముదీర్ చెప్పాలి. (ముదీర్ అంటే మేనేజరే, కాకపోతే ఆ మాటలో భయం కాస్త ఎక్కువ.) అప్పుడే అబుదాబిలో స్థిరపడిన ఒక ఇంగ్లీషు పెద్దాయన, తన తాత కొలిమిలో బొగ్గు వేస్తూ పనిచేసిన పాతకాలపు బ్రిటిష్ యుద్ధనౌకకు నమూనా చేయించుకున్నాడు. దాన్ని ఆయన ఎనభయ్యో పుట్టినరోజున విల్లాలో అప్పగించాలి. ముదీర్ నన్ను పిలిచాడు. "నీకు ఇంగ్లీష్ ఆతా హై నా? గెస్టుల ముందు పాంచ్ మినిట్ షిప్ హిస్టరీ బోలో, ఖలాస్. క్లయింట్ ఖుష్ అయితే నీ వీసా భీ ఖుష్."

పెద్దాయన పంపిన కాగితాలు చదివితే గొప్పగా చెప్పడానికి ఒక్క ముక్కా దొరకలేదు. ఆ ఓడను బ్రహ్మాండంగా కట్టారు. అది సముద్రంలోకి దిగిన కొద్దిరోజులకే అంతకంటే పెద్ద రకం ఓడ ఒకటి రావడంతో, రంగు ఆరకముందే పాతదైపోయింది. ఒకసారి బండ ఎక్కింది. ఒకసారి సొంత దేశపు ఓడనే గుద్దింది. మొదటి ప్రపంచ యుద్ధమంతా ఒక రేవుకు కాపలా కాసి, ఆ తర్వాత కుర్ర నావికులకు బడిగా మారి, చివరికి తుక్కు కింద పోయింది.

"ఏందబ్బయ్యా, మొహం అట్టా పెట్టావే?" అన్నాడు మా నెల్లూరు మేస్త్రి భాయ్.

"ఈ ఓడ శత్రువు ఓడ ఒక్కదాన్నీ ముంచలేదు భాయ్. గుద్దింది కూడా సొంతవాళ్లనే."

"అయితే మన వ్యాను డ్రైవరే నడిపుంటాడ్లే దాన్ని."

నవ్వు రాలేదు. పదిమంది ముందు నిలబడి నేను మాట్లాడింది ఒక్కటే, మా చర్చి సంఘంలో సాక్ష్యం, అంటే దేవుడు మన బతుకును ఎలా మార్చాడో నలుగురికీ చెప్పుకోవడం. దానికో దారి ఉంటుంది: మొదట గర్వం, తర్వాత పతనం, ఆపైన కృప. విల్లాలో అతిథులందరి కళ్లూ నా మీద పడగానే, రాసుకున్నదంతా పోయి ఆ దారే మిగిలింది. "ప్రైజ్ ది లార్డ్" అన్నాను. ఎవరూ పలకలేదు. "ఈ ఓడ ఒకప్పుడు చాలా గర్వించింది" అని ఇంగ్లీషులో అందుకున్నాను. బండ దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే పైకి లేచింది. "పక్కన పెట్టేశారు దీన్ని. మనలో ఎంతమందిని పక్కన పెట్టలేదు?" అని, అలవాటు కొద్దీ ఆమెన్ కోసం ఆగాను. వంటగదిలో నుంచి మలయాళీ వంటమనిషి ఒక్కతే "ఆమెన్" అంది. మాస్కుల వెనక మిగతావాళ్లు నవ్వుతున్నారో, పళ్లు కొరుకుతున్నారో తెలియదు. ఓడను నాతో మోసుకొచ్చిన భాయ్ వెనక నుంచి గుసగుస: "యల్లా, ముగించబ్బయ్యా. ముదీర్ చెవులు ఎర్రబడినాయి."

ముగించడం నాకు ఒక్కలాగే తెలుసు. "అందరం లేచి ప్రార్థన చేద్దాం" అన్నాను.

లేచారు. (యుద్ధంలో పోయినవాళ్ల కోసం లేచి మౌనంగా నిలబడటం ఇంగ్లీషువాళ్లకు అలవాటట, నాకు తర్వాత తెలిసింది.) ముదీర్ కూడా లేచి దువా చేసేటప్పటిలా అరచేతులు చాచాడు, భాయ్ కూడా. నేను మాత్రం కళ్లు మూసుకుని మాటల కోసం వెతుక్కున్నాను. ఓడ కోసం ఏమని ప్రార్థించాలి? అది చచ్చిపోయింది, చనిపోయినవాళ్ల కోసం మా సంఘంలో ప్రార్థించరు. ఇనుము విషయానికొస్తే, బైబిల్లో ప్రవక్త నీళ్లలో గొడ్డలి తేలేలా చేసిన సంగతి ఒకటుంది గాని, అది ఎరవు తెచ్చిన గొడ్డలి, అక్కడ దాని కోసం ఏడ్చేవాడు ప్రవక్తకు ఎదురుగా ఉన్నాడు. అప్పుడు కళ్లు కొంచెం తెరిచాను. ముందు వరసలో పెద్దాయన, బల్ల పట్టుకుని వణుకుతూ నిలబడి ఉన్నాడు.

"ప్రభువా, ఆ ఓడ ఎవరినీ ముంచలేదు. ఈయన తాతను క్షేమంగా ఇంటికి చేర్చింది. ఆయన చేరాడు కాబట్టే ఈయన ఇవాళ మా ముందున్నాడు. ఈ మోకాళ్లకు బలం ఇవ్వు. ఆమెన్."

ఈసారి చాలామంది పలికారు. పెద్దాయన మాస్కు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "మా ఇంట్లో ఆ ఓడంటే నవ్వులాట. మా తాత కూడా నవ్వేవాడు, ఆనక లేచి బయటికి వెళ్లిపోయేవాడు. దాని కోసం మనుషులు లేచి నిలబడటం ఇదే మొదటిసారి" అన్నాడు.

వ్యాను దగ్గర ముదీర్ నన్ను ఎగాదిగా చూశాడు. "ప్రతి మోడల్‌కీ ఐసా దువా కరేగా క్యా?"

"లేదు సర్."

"కరో. లేకిన్ కాస్త చిన్నగా." వీసా నిలబడింది.

ఇప్పుడు మోడళ్లు అప్పగించేచోట మాట్లాడటమే నా పని; నాకు టై ఉంది, స్లైడ్లు ఉన్నాయి, ఎక్కడ ఆగాలో ఎక్కడ నవ్వాలో తెలుసు. నా మాటలు విని అందరూ చక్కగా చప్పట్లు కొడతారు, ఒక్కరూ లేచి నిలబడరు. ఏమీ తెలియక ఆ హాలునంతా లేపిన కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. వాడి తెలియనితనంలో పిసరంత నాకు తిరిగి ఇమ్మని, మీరూ నాతో కలిసి దేవుణ్ణి అడగండి.