వదులుగా ఉన్న పలకలు

1998 జూన్‌లో నన్ను మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న ఒక ఐటీ భవనానికి నాణ్యత తనిఖీ కోసం వేశారు. హోదా అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. కాంక్రీటు స్తంభం నుంచి తలుపు గడియ దాకా నా సంతకం పడితేనే పని పాసైనట్టు. ఆ సంతకం మీద నాకు కొంచెం ఎక్కువ ప్రేమే ఉండేది.

భవనమంతా అద్దం, అల్యూమినియం. రిసెప్షన్ హాల్లో మాత్రం టేకు చెక్కడపు అడ్డుతెర ఉండాలని ఆర్కిటెక్టు పట్టుబట్టారు. పాత గుడి తలుపుల మీది తామరతీగే, కానీ దేవుళ్ళూ చిలకలూ లేకుండా, ఒకే తీగ తొమ్మిది పలకల మీదుగా సాగిపోవాలి. చెక్కింది వీరాచారి గారు. నిర్మల్ వైపు నుంచి వచ్చిన వడ్రంగి, యాభై దాటిన మనిషి, రథాలు చేసిన చెయ్యి. నగరంలో ఆయనకిదే మొదటి పని. తేడా వస్తే అక్కడ కూడా అద్దమే పెడతానని కంట్రాక్టరు ముందే చెప్పి ఉంచాడు.

ఆగస్టులో తనిఖీకి వెళ్ళాను. ఆ చెక్కడాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు నడిచి చూశాను. తర్వాత అలవాటుకొద్దీ వేలి మెటికతో ఒక్కో పలకనీ కొట్టి చూశాను. తొమ్మిదీ కదిలాయి. చట్రానికి గాడి తీసి, పలక అంచును అందులోకి దూర్చి వదిలేశారు. జిగురు లేదు, మేకు లేదు. నా దృష్టిలో కదిలే అతుకంటే లోపమే. ‘పలకలు వదులు; జిగురు, మేకులతో బిగించవలెను’ అని తనిఖీ పుస్తకంలో రాసేశాను.

వీరాచారి గారు పరుగున వచ్చారు. “కట్టె కోసినంక గూడ కదులుతనే ఉంటది సారూ. వానకు ఉబ్బుతది, ఎండకు గుంజుకుంటది. జర దానికి జాగ ఇయ్యాలె” అన్నారు. బాగా ఆరిన టేకు ఎందుకు కదులుతుందండీ అంటూ నేను స్పెసిఫికేషన్ పేజీ తెరిచి చూపించాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రోజు మొండితనమూ అధికారమూ రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఆయన ఎనిమిది పలకలు బిగించారు. నడిమి తామరపువ్వు దగ్గరికొచ్చేసరికి సుత్తి కింద పెట్టేశారు.

“గిది మాత్రం నా చేత్తోని బిగియ్య. మీరే బిగించుకోండ్రి” అన్నారు. ‘ఒకటి పెండింగ్’ అని రాసుకుని వచ్చేశాను.

అక్టోబరులో ఏసీ నడపడం మొదలుపెట్టారు. వానాకాలపు తేమకు ఉబ్బి ఉన్నప్పుడు బిగించిన పలకలు ఆ పొడిగాలికి ముడుచుకోబోయాయి, మేకులు ముడుచుకోనివ్వలేదు. మూడు వారాల్లో ఐదు పలకలు నిలువునా చీలాయి. పచ్చి కట్టె వాడారని కంట్రాక్టరు వీరాచారి గారి మీద రాసి, తెర పీకేయడానికి అనుమతి అడిగాడు. నా పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఆ కాగితాన్ని అభిప్రాయం కోసం నాకు పంపారు. నేను సరేనంటే వీరాచారి గారికి ఈ ఊళ్ళో మరో పని దొరకదు.

హాలుకు వెళ్ళి చూశాను. నడిమి పలక చెక్కుచెదరలేదు. ముడుచుకుని, రెండు అంచులూ గాడిలోంచి సన్నగా బయటికి జరిగాయి, అంతే. జరిగినచోట పాలిష్ లేని చెక్క తెల్లటి గీతలా బయటపడాలి. పడలేదు. గాడిలో దాగి ఉండే ఆ అంచుకు కూడా, దూర్చకముందే, ఆయన పాలిష్ పట్టి ఉంచారు. ఇలా జరుగుతుందని ఆయనకు ముందే తెలుసు. నాకు సిగ్గేసింది.

అక్కడే కూర్చుని నివేదిక రాశాను. చెక్కలో లోపం లేదు, చీలికలకు కారణం నేనిచ్చిన బిగింపు ఆదేశం, రుజువు నడిమి పలక. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చదివి, కొరివితో తల గోక్కుంటున్నారేమిటండీ అన్నారు. జరిగింది రాశానండీ అన్నాను. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రెండు వాక్యాల్లో ఇచ్చాను.

వీరాచారి గారు ఐదు పలకలు మళ్ళీ చెక్కారు, మిగిలిన మూడింటి బిగింపు ఊడదీశారు. నేను తనిఖీకి వెళ్తే నవ్వి, “కొట్టి చూడుండ్రి సారూ. కదుల్తలేవంటె చెప్పుండ్రి” అన్నారు. తొమ్మిదీ కదిలాయి. సంతకం పెట్టాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా తనిఖీ పుస్తకంలో ఒక గడి అదనంగా గీసుకున్నాను: ‘చేసినవారు ఇలా ఎందుకు చేశారు?’ అది నింపకుండా దేన్నీ తిరస్కరించలేదు. నింపాక తిరస్కరించినవి చాలానే ఉన్నాయి.