ఫిలోమినా ఆంటీ పుస్తకాలు

నరసరావుపేటలోని ఓ ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ఫిలోమినా పద్దెనిమిదేళ్ళుగా ఆయా. గదులు ఊడుస్తుంది, బెల్లు కొడుతుంది, ప్రిన్సిపాలుగారికి టీ తెస్తుంది. ఎడ్లపాడు దగ్గరి పల్లెలో ఏడో తరగతితో చదువాగిపోయిన మనిషి. భర్త బాబూరావు పచ్చకామెర్లతో పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, పొట్ట చేతపట్టుకుని ఈ ఊరొచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుందే తప్ప చదవలేదు. అయినా ఆ కాలేజీలో ఏ పుస్తకం ఎవరికి పనికొస్తుందో ఆమెకు తెలిసినంతగా లెక్చరర్లకు కూడా తెలియదు.

ఆమె చేరిన కొత్తలో ఒకమ్మాయి కోర్సు పూర్తి చేసి వెళ్తూ, తన అనాటమీ పుస్తకాన్ని పాతపేపర్లవాళ్ళకు వేసెయ్యమని చేతికిచ్చింది. నాలుగు వేళ్ళ మందం, లోపలంతా రంగుల బొమ్మలు. అదే వారం కొత్తగా చేరిన ఓ పిల్ల, కొనాల్సిన పుస్తకాల జాబితా పట్టుకుని గేటు దగ్గర ఏడుస్తూ కనబడింది. పక్కనే కూలిపనికి పోయే తల్లి ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉంది. ఆ జాబితాలోవన్నీ కొనాలంటే ఆ తల్లి రెండు నెలల కూలి కూడా చాలదు. ఫిలోమినా ఆ లావు పుస్తకం తెచ్చి పిల్ల ఒళ్ళో పెట్టింది.

"చదువుకోమ్మా. అయిపోయినాక నాకే ఇయ్యి. ఇంకో పిల్లకిద్దాం" అంది.

అలా మొదలైంది. వెళ్ళిపోయే పిల్లలు పుస్తకాలు ఆమెకిచ్చేవాళ్ళు, వచ్చే పిల్లలు తీసుకునేవాళ్ళు. చర్చిలో పాటల పుస్తకాలు కుట్టే పెద్దాయన దగ్గర ఆమె బైండింగు నేర్చుకుంది. సెలవు రోజుల్లో మైదాపిండి జిగురు కాచి, చిరిగిన అట్టలు అతికేది. పదేళ్ళు తిరిగేసరికి లైబ్రరీ గదిలో నాలుగు బీరువాలు నిండాయి. గుంటూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే నర్సమ్మలు ఫోన్ చేసి "ఆంటీ, మీ పుస్తకాలే లేకపోతే నేను యాడుండేదాన్నో" అంటే, ఆ పూట ఆమె అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తినేది.

మూడేళ్ళ కింద ఒక ట్రస్టువాళ్ళు మొదటి సంవత్సరం పిల్లలకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. అరవైమందికీ అరవై. షామియానా వేశారు, ఫొటోలు తీశారు. ఫిలోమినాకు కూడా సంబరంగానే ఉంది. ఓ పిల్ల తన ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలో కొట్టుకుంటున్న గుండెను చూపిస్తే, తెర మీద వేలు పెట్టి చూసింది. సిలబస్ పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయన్నారు.

మర్నాడే ప్రిన్సిపాలు హనుమంతరావు ఆమెను పిలిపించాడు. "ఫిలోమినా, లైబ్రరీ గది ఖాళీ చెయ్యి. మేనేజ్‌మెంటువాళ్ళు దాన్ని డిజిటల్ లైబ్రరీ చేస్తారంట. ఆ పాత పుస్తకాలు తీయించెయ్."

"అయ్యి కాలేజీయి కాదు గదా సార్, పిల్లలియ్యి."

"ఇప్పుడెవరు చదువుతారమ్మా అయ్యి? పదేళ్ళ కిందటి ఎడిషన్లు."

"మనిషి ఎముకలు ఏ యేటికాయేడు మారతయ్యా సార్?"

హనుమంతరావు చెడ్డవాడు కాదు. ఆ మాటకు నవ్వాడు కూడా. "నా చేతుల్లో ఏముంది? పైవాళ్ళు చెప్పారు. నీకు కావాల్సినయ్యి ఇంటికి తీసకపో" అన్నాడు.

ఆమెది ఒక్క గది ఇల్లు. పైగా మధ్యాహ్నం లోపే ఖాళీ చెయ్యమన్నారు. పాతసామాన్ల రఫీక్ ట్రాలీ ఆటో అప్పటికే వరండా ముందు ఆగి ఉంది. చేతికందినవి రెండు గోతాల్లోకి కుక్కుకుంది. మిగతావి కూలీలు చేటల్లో చెత్త ఎత్తినట్టు ఎత్తి ఆటోలో వేశారు. అట్టల లోపల వరసగా రాసుకున్న పిల్లల పేర్లు గాలికి తెరుచుకుని, మళ్ళీ మూసుకున్నాయి. ఆటో వెళ్ళిపోయాక ఆమె గది ఊడ్చింది.

సరిగ్గా ఏడాదికి ల్యాప్‌టాప్‌లలో పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. గడువు అయిపోయింది, మళ్ళీ డబ్బు కడితేనే తెరుచుకుంటాయని తెర మీద కనబడసాగింది. ట్రస్టు ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. ఆ ఏడు చేరిన కొత్త పిల్లలకైతే ల్యాప్‌టాప్‌లే రాలేదు. వాళ్ళలో శ్రీదివ్య ఒకతి. దాచేపల్లి అవతల పల్లె. తండ్రి సిమెంటు లారీల్లో బస్తాలు ఎత్తుతాడు.

"సీనియర్లు చెప్పారాంటీ, మీ దగ్గర పుస్తకాలుంటయ్యని" అంటూ వచ్చింది శ్రీదివ్య.

ఆ సాయంత్రం ఫిలోమినా ఇంట్లో మంచం కిందున్న రెండు గోతాలూ కుమ్మరించి చూసింది. అన్నీ ఆఖరి ఏడాది మిడ్‌వైఫరీ పుస్తకాలే. మొదటి ఏడాదిది ఒక్కటీ లేదు. తొందరలో ఏ బీరువా ముందు తెరిచిందో కూడా చూసుకోలేదు. మర్నాడు పొద్దున్నే రఫీక్ కొట్టుకు పరుగెత్తింది.

"రఫీక్ అన్నా, ఆ పుస్తకాలు ఏమన్నా మిగిలినయ్యా?"

రఫీక్ తల అడ్డంగా ఊపాడు. "అయ్యి వారంలోనే పేపరు మిల్లుకు పోయినయ్యక్కా. ఒక్క మాట ముందు చెప్పుంటే పక్కన పెట్టేవాణ్ణి గదా!"

చెప్పొచ్చన్న ఆలోచన ఆ రోజు తనకెందుకు రాలేదా అని ఆమె దారిపొడుగునా అనుకుంటూనే వచ్చింది. ఆ నెల జీతం రాగానే పుస్తకాల షాపుకెళ్ళి అనాటమీ ఒక్కటి కొనిచ్చింది. అంతకు మించి ఆమె వల్ల కాలేదు. మిగతా సబ్జెక్టులకు శ్రీదివ్య ఫోన్లో ఫొటోలు తీసుకుంది, ఇంకొకరి జిరాక్సుల్లోంచి నోట్సు రాసుకుంది, లైబ్రరీ గది మెట్ల మీద కూర్చుని కళ్ళు పొడుచుకుని చదివింది. అనాటమీలో మంచి మార్కులొచ్చాయి. మిగిలిన వాటిలో మూడు పోయాయి.

సప్లిమెంటరీకి ఫీజు కడదామని ఫిలోమినా ఫోన్ చేస్తే తండ్రి ఎత్తాడు. "చదివింది చాల్లేమ్మా. దానికి రాని చదువు, మేం పెట్టలేని ఖర్చు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని దొరికింది, పోతాంది" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా.

సంక్రాంతి దాటాక ఓ రోజు శ్రీదివ్య కాలేజీకొచ్చింది. మిరప ఘాటుకు కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గుడ్డ సంచీలోంచి అనాటమీ తీసి ఫిలోమినా చేతిలో పెట్టింది. పుస్తకానికి అట్ట వేసుకుంది, ఎక్కడా మడత లేదు.

"నీ దగ్గరే ఉంచుకోమ్మా. పరీక్ష మళ్ళీ రాద్దువు" అంది ఫిలోమినా.

"నేనేం చేసుకునేదాంటీ? మీరే చెప్పారు గదా, ఇంకో పిల్లకియ్యాలని." ఆ పిల్ల నవ్వబోయింది గానీ, నవ్వు రాలేదు. బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఆ ఏడు కూడా కొత్త పిల్లలు అరవైమంది చేరారు. మొదటివారంలోనే ముగ్గురు కలిసి వచ్చి, చేతులు నలుపుకుంటూ ఆమె స్టూలు ముందు నిలబడ్డారు. పుస్తకం ఆమె వెనక అల్మారాలో, టీ కప్పుల కిందే ఉంది. ముగ్గురిలో ఎవరికివ్వాలి? వాళ్ళ వెనక ఇంకెంతమంది వస్తారు? ఒకరికిచ్చి మిగతావాళ్ళకు ఏమని చెప్పాలి?

"ఎప్పుడో ఉండేయమ్మా. ఇప్పుడేం లేవు" అంది ఫిలోమినా.

వాళ్ళు వెళ్ళాక చానాసేపు ఆమె లేవలేదు. గంట దాటిపోయినా బెల్లు కొట్టలేదేందని హనుమంతరావు గదిలోంచి కేకేస్తే, అప్పుడు లేచింది.