ముందు నువ్వు తిను

2003 ఎండాకాలంలో కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలు మిరపకాయలు ఏరడమే మా ఆవిడ సామ్రాజ్యం చేసిన ఆఖరి పని. మర్నాడు గుంటూరులో డాక్టరు గారు కడుపులో క్యాన్సరని తేల్చారు. "ఎలాగైనా తినిపించండి. లేకపోతే మందులకు తట్టుకోలేరు" అన్నారు.

అప్పట్నుంచి నాకు అదొక్కటే పని. జావ కాచేవాణ్ణి, పెరుగన్నం మెత్తగా పిసికేవాణ్ణి. గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, "మీరు తిన్నారా?" అనేది.

"నువ్వు తిన్నాకే నేను. నోరు తెరువు."

"చేతిలో బెత్తం ఒకటే తక్కువ మీకు" అని నవ్వబోయేది. రెండో ముద్దకే వాంతి. బతిమాలాను, తిట్టాను, ఒకరోజు గిన్నె గోడకేసి కొట్టాను. ఆమెతోపాటు పస్తులున్నాను. మూడు నెలలకు, ఎముకల గూడై కన్నుమూసింది.

పెద్దకర్మ అయ్యాక పక్కింటి ధనమ్మ చెప్పింది.

"నువ్వు పొలం వెళ్లినప్పుడు వదిన మా ఇంటికొచ్చేది అన్నయ్యా. నేను తింటుంటే పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినేది. 'ముప్పయ్యేళ్లలో ఆయన తినకముందు ఏనాడూ తిన్లేదే. ఆకలితో ఎదురుగా కూర్చుంటే నాకు ముద్ద దిగట్లా' అనేది."