గుండుసూదుల ఉచ్చారణ

మనుమరాలికి పరాయి భాష ఏ వయసులో మొదలుపెట్టాలన్న విషయంలో దర్జీ తాతది ఒకటే మాట: ఏడేళ్ళు. పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చాకే నాలుకకు చోటు కుదురుతుందని ఆయన సిద్ధాంతం. ఎవరు చెప్పారని అడిగితే, ఎవరో చెబితే వినే రకమా నేను అని ఎదురు ప్రశ్న వేసేవాడు. ఎదిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు అంచు నాలుగు వేళ్ళ మేర లోపలికి మడిచి ఉంచే మనిషి. దేనికీ తొందర పనికిరాదంటాడు.

కోడలు ఆఫీసులో నలుగురినీ అడిగి వచ్చింది. "నాలుగేళ్ళకే మొదలుపెట్టాలి మామయ్యా. ఈ వయసులో ఏది వింటే అది అచ్చుగుద్దినట్టు పట్టేస్తారు," అంది.

ఆమె మాటే నెగ్గింది. ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. వారానికి రెండు రోజులు పొద్దున క్లాసు. మధ్యాహ్నాలు పిల్ల ఎలాగూ తాత దుకాణంలోనే ఉంటుంది కనుక, ఫోనులో పాఠం పెట్టి ఆయనే చెప్పించాలి. "చెడగొట్టారంటే మాత్రం మధ్యాహ్నాలు డేకేర్‌లో వేసేస్తాను," అని నవ్వుతూనే అంది. తాతకు ఆ నవ్వు నచ్చలేదు. భార్య పోయాక ఆయనకు రోజంటే ఆ మధ్యాహ్నాలే.

అందుకే నడుం బిగించాడు. ఫోను ఒక ముక్క చెప్పడం, తాత దాన్ని తిరిగి చెప్పడం, తాతను చూసి పిల్ల చెప్పడం. మిషను ఆగలేదు, పాఠమూ ఆగలేదు. ఏడేళ్ళ సిద్ధాంతం ఏమైందని ఎవరైనా అడిగినా ఆయనకు వినబడేది కాదు.

నెల తిరిగేసరికి టీచరమ్మ కోడలిని పిలిపించింది. "పాపకు అన్నీ వచ్చండీ. కానీ పెదవులు బిగించి, మూతి ఓ పక్కకు లాగి మాట్లాడుతోంది. మిగతా పిల్లలకూ అదే అంటుకుంది. ఓసారి డాక్టరుకు చూపించండి."

కోడలు తిన్నగా దుకాణానికి వచ్చింది. తాత ఎవరిదో చొక్కా సర్దుతున్నాడు. పెదవుల మధ్య ఆరు గుండుసూదులు. మూతి ఎడమ పక్కకు లాగి పాఠం చెబుతున్నాడు. ఎదురుగా స్టూలు మీద మనుమరాలు, నోట్లో ఒక్క సూదీ లేకపోయినా, అచ్చం అలాగే అప్పజెబుతోంది. డాక్టరుతో పని లేకపోయింది.

తాత సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. "అచ్చుగుద్దినట్టు పట్టేస్తారని నువ్వే కదమ్మా అన్నావు," అన్నాడు గొణుగుతూ.

"రేపటినుంచి డేకేర్‌కు పంపిస్తాను మామయ్యా," అంది కోడలు. ఈసారి నవ్వలేదు.

బతిమాలడం తాతకు చేతకాదు. కనీసం ఆ భాష తనకు సరిగ్గానే వచ్చని చూపిద్దామని నిటారుగా నిలబడి, గుర్తున్న వాక్యం ఒకటి తడుముకోకుండా చెప్పాడు. పిల్లి కుర్చీ కింద పడుకుంది అని దాని అర్థం. ఆ భాషలో ఒక్క ముక్క కూడా రాని కోడలు కూతురి వైపు తిరిగింది.

"ఏమంటున్నారే తాతయ్య?"

పిల్ల ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "నేను రాకపోతే తాతకు ఏడుపొస్తుందట," అంది.

కోడలు బల్ల మీది సూదులన్నీ ఏరి డబ్బాలో వేసింది. "సరే, పాఠం అయ్యేదాకా సూదులు డబ్బాలోనే ఉండాలి మామయ్యా," అని చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది.

అర్థం తప్పు చెప్పావని తాత మనుమరాలిని దిద్దలేదు. అసలు తప్పేం చెప్పిందని?