రాజసభలో టీ కెటిల్

కార్పొరేషన్ గొట్టంతో భవానీపూర్ వీధులు కడిగే సూరన్నకు ఒకటే జబ్బు. ఏ నాటకమైనా సరే, తనది కాని రంగంలోకి టీ కెటిల్ పట్టుకుని వచ్చేసేవాడు. ద్వాపరయుగమైనా అంతే, మొగలాయి దర్బారైనా అంతే. "చా తెచ్చాను బాబూ, యేడిగున్నాది!" అంటూ మట్టి ముంత అందిస్తే, బాణం ఎక్కుపెట్టినవాడు కూడా దించి పుచ్చుకోవలసిందే.

ఆ ఎనభైల్లో కలకత్తా నిండా ఎర్రజెండాలే. సమసమాజం వీధి చివరిదాకా వచ్చింది గాని మన తెలుగువాళ్ళ నాటకాల హాల్లోకి మాత్రం రాలేదు. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక చాపల మీద ఊరు ఊడ్చే జనం. సూరన్న కెటిల్ కనపడితే మాత్రం కుర్చీలూ చాపలూ కలిసి ఈలలు వేసేవి.

ఆ ఏడు దర్శకుడు రఘురాం, బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు. నాలుగు వందల ఏళ్ళ కిందటి లండన్ నాటకాన్ని ప్రాణం పెట్టి తెలుగు చేశాడు. హాస్యగాడి వేషం సూరన్నకిచ్చి, మొదటి రోజే కెటిల్ లాక్కున్నాడు.

"ఆ రోజుల్లో లండన్‌లోనూ నీలాంటివాళ్ళే సూరన్నా! రాసిన మాటలు వదిలేసి, సొంతవి కలిపి జనాన్ని నవ్వించేవాళ్ళు. రాసినవాణ్ణి ఏడిపించేవాళ్ళు."

"ఆళ్ళూ కార్పొరేషనోళ్ళేటి బాబూ?"

"కాదయ్యా! నీది కాని రంగంలో అడుగు పెట్టకు. మీ అమ్మ మీద ఒట్టెయ్యి."

సూరన్న తల గోక్కున్నాడు. "మరి మల్లేశుకి దాహమేస్తేనో?"

"రాజుకు దాహమెయ్యదు!"

సూరన్న ఒట్టేశాడు.

రాజు వేషం మల్లేశుది. హౌరా టికియాపారా బస్తీలో పుట్టి పెరిగిన కుర్రాడికి తెలుగు మాటే గాని అక్షరం రాదు. విని విని బట్టీ పట్టాడు. ముందు కుర్చీల వాళ్ళు నవ్వితే ఇక స్టేజీ ఎక్కనని తల్లి జగ్గమ్మతో చెప్పి మరీ వచ్చాడు.

నాటకం నాడు రాజు సింహాసనం మీంచి లేచాడు. "నా రాజ్యం..." అన్నాడు. మళ్ళీ "నా రాజ్యం..." అన్నాడు. అంతే. కిరీటం కింద చెమట కారుతోంది. ముందు కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

తెర పక్కనుంచి రఘురాం మాట అందించినా రాజుకు వినపడలేదు.

"మాట మరిసిపోనాడు," అన్నాడు సూరన్న. "కెటిలుంటే సెవులో ఊదీసి వచ్చీవోణ్ణి."

"నువ్వు టీ పట్టుకెళ్ళేది అందుకా?"

"మరేటి బాబూ, యుద్దంలో చా ఎవుడిక్కావాల?"

రఘురాం దాచిన కెటిలూ ముంతా తీసి చేతికిచ్చాడు. "వెళ్ళు, వెళ్ళు!"

"అమ్మ మీద ఒట్టు కదా. మీరే ఎల్లండి," అని సూరన్న అవి తిరిగి ఇచ్చి, వీపు మీద ఒక్క తోపు తోశాడు.

ప్యాంటూ కళ్ళజోడుతో రఘురాం నాలుగు వందల ఏళ్ళ కిందటి కోటలో వెళ్ళి పడ్డాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. చివరికి, "చా... తెచ్చాను బాబూ..."

హాలు ఘొల్లుమంది. ఆ గోలలో వంగి ముంతలోకి పోస్తూ రాజు చెవిలో మాట అందించాడు. కెటిల్లోంచి చుక్క రాలలేదు. రాజు మాత్రం ఖాళీ ముంత గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, గుక్క తిప్పుకోకుండా మిగతాదంతా దంచేశాడు. ఈసారి కుర్చీలే ముందు చప్పట్లు కొట్టాయి.

తెర పడగానే మల్లేశు రఘురాం దగ్గరికి వచ్చి, "వచ్చే ఏడు నాకు ఏ వేషం దాదా?" అని అడిగి వెళ్ళాడు.

"కెటిల్లో టీ లేదేమయ్యా సూరన్నా?" అన్నాడు రఘురాం.

"అందులో ఏనాడుందేటి బాబూ?" సూరన్న కెటిల్ తీసుకుని చంకన పెట్టుకున్నాడు. "అది సరే గాని, పోసీటప్పుడు జనానికి వీపు సూపాల. మీ మూతి కదలడం ఆకరి సాప దాకా కనిపించింది. వచ్చే ఏటికి నేర్పుతాన్లెండి."