వలసల ప్రశ్నకు కుర్మయ్య జవాబు

మా చిన్నప్పుడు మా ఊళ్ళో గైడు ఎవరూ కొనేవాళ్ళు కాదు... అది చేతికి వచ్చేది. పదో తరగతి పాసైనవాడు మొదటి పేజీలో తన పేరు రాసి, కింది తరగతివాడికి అప్పజెప్పాలి. మేమిద్దరం పదో తరగతికి వచ్చిన ఏడు, నా దోస్తు కుర్మయ్యకు అందిన సాంఘికశాస్త్రం గైడు మీద అప్పటికే నాలుగు పేర్లున్నాయి. మా అన్న పేరు కూడా.

అచ్చంపేటకు ఆరు మైళ్ళ దూరం మా ఊరు. కుర్మయ్య వాళ్ళ అమ్మానాన్నలు మేస్త్రి వెంట పుణె పోయి తట్ట మోసేవాళ్ళు. వీడు అవ్వ దగ్గర ఉండి చదువుకునేవాడు. వాళ్ళ నాయిన పోతూ పోతూ ఒక్కటే మాట చెప్పాడు... పాసైతే ఇంటర్, లేకపోతే తట్ట.

అవ్వ నన్ను చూసినప్పుడల్లా అదే అడిగేది. "బిడ్డా, నువ్వు తెలివిగల్లోనివి. జర మావోనికి సదువు జెప్పు. ఈడు తప్పితే ఆళ్ళ నాయిన మేస్త్రితోని తోల్కపోతడు."

కుర్మయ్య చదువు వేరు. మేకల వెనక నడుస్తూ, గైడులోని జవాబు గట్టిగా, రాగం తీసి, వందసార్లు అనేవాడు. మేకలకు కూడా వచ్చేసి ఉంటుంది అని నవ్వేవాళ్ళం. కానీ అట్లా చదివింది వాడు మర్చిపోయేవాడు కాదు.

అప్పుడు నాకు బస్టాండు ముందు అమ్మే చిన్న చిన్న పుస్తకాల పిచ్చి. ఒక పుస్తకంలో చదివాను... బట్టీ పట్టడమంటే మెదడును తాకట్టు పెట్టడమేనని. నా రక్తం ఉడికిపోయింది. ఒక సాయంత్రం స్పెషల్ క్లాసు అయిపోయాక, బడి వెనక నలుగురు పిల్లల ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చి... కుర్మయ్య గైడుకు నిప్పు పెట్టాను.

"అరేయ్, గది నా ఒక్కనిది గాదురా! కిందోళ్ళకు ఏం జెప్పాలె?" అని వాడు కాలితో మంట ఆర్పబోయాడు.

"మెదడు నీదా, గైడుదా?" అన్నాను.

వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. "సరే లీడర్ సాబ్... ఇగ నువ్వే జెప్పాలె మరి" అన్నాడు. నమ్మాడు. నన్ను నమ్మాడు.

చెప్పాను. రెండు నెలలు రోజూ చెప్పాను. పాఠం చదవడం, పుస్తకం మూయడం, సొంత మాటల్లో చెప్పడం. వాడు ఎంత బాగా చెప్పేవాడో! పటంలో వేలు పెట్టి, "మా అమ్మోళ్ళు గీ తొవ్వలనే పోతర్రా" అని చూపించేవాడు. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బేది.

సోషల్ సారు ఒకరోజు నన్ను ఆపాడు. "సొంతంగ రాసుడు మంచిదే. గని గడియారం ముందల పెట్టుకొని ఒక్క పేపరన్న పూరా రాయించినవారా వానితోని?"

"సదువంటే ఉర్కుడు పందెమా సార్?" అన్నాను తల ఎగరేసి.

"సదువు కాదు బిడ్డా. పరీక్ష మాత్రం ఉర్కుడు పందెమే."

వినలేదు నేను. ఆయన్ని పాతకాలం మనిషి అనుకున్నాను.

సాంఘికశాస్త్రం పరీక్ష అయిపోయి బయటికి వచ్చాక కుర్మయ్య మొహం వెలిగిపోతోంది. "అరేయ్, వలసల మీద ప్రశ్న వచ్చింది సూసినవా? నాలుగు పేజీలు రాసిన!" అన్నాడు. అమ్మ గిన్నెలన్నీ పాత చీరలో మూటగట్టడం, బస్సెక్కే ముందు గడపకు మొక్కడం, అక్కడ రేకుల షెడ్డులో కాళ్ళు ముడుచుకుని పడుకోవడం... అన్నీ రాశాడట. చివరి అరగంటలో బిట్ పేపర్ చేతికిచ్చినప్పుడు కూడా అదే రాస్తున్నాడట.

"మరి మిగిలినవి?"

"యాడ రాస్త? టైమైపాయె."

నేనేం చేశానో తెలుసా... వాణ్ణి కౌగిలించుకున్నాను. "గదిరా అసలైన సదువంటే" అన్నాను.

నిజం చెప్పాలి. మా అన్న రెండేళ్ళ ముందు అదే గైడు ఇంట్లో గట్టిగా చదువుతుంటే విని విని నాకు సగం జవాబులు నోటికి వచ్చు. హాల్లో నా పెన్ను ఆ జవాబులే, టైము లోపల, వరసగా రాసింది. కాల్చింది నేను. బూడిదైంది వాడి పరీక్ష.

అన్నీ పాసై, ఆ ఒక్కదాంట్లో తప్పాడు.

ఫలితాలప్పుడు వాళ్ళ నాయిన ఊళ్ళోనే ఉన్నాడు. సప్లిమెంటరీ రాయిద్దామని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు పెద్ద సదువులు సదువు బిడ్డా... మావోన్ని ఇగ ఇడ్సిపెట్టు" అన్నాడు. మూడో రోజు మేస్త్రి బండి వచ్చింది. అవ్వ ఆ బండి వైపు చూడలేదు, నా వైపు చూసింది.

మరుసటి ఏడాది కరోనా వచ్చింది. పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి, మా వెనకవాళ్ళందరినీ పాస్ చేశారు. ఒక్క ఏడాది... ఒక్క ఏడాది వెనక పుట్టి ఉంటే వాడు కూడా కాలేజీలో ఉండేవాడు.

ఇప్పుడు ఎట్లా చదవాలో చెప్పే వీడియోలు ఫోను నిండా ఉన్నాయి. ఊళ్ళో పిల్లలు నన్ను కూడా అడుగుతారు. అర్థం చేసుకో, నోటికి తెచ్చుకో, గడియారం ముందు పెట్టుకుని పూరా పేపరు రాసి చూసుకో అంటాను... అంతకు మించి మాట్లాడడానికి నాకు నోరు రాదు.

మొన్న కుర్మయ్య ఫోన్ చేశాడు. వెనక కంకర మిషన్ మోత. అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసే ముందు అడిగాడు.

"అరేయ్, నా పేపరు దిద్దినాయన... గా నాలుగు పేజీలు పూరాగ సదివిండంటవా?"

చదివే ఉంటాడురా అన్నాను. ఏమో... నాకేం తెలుసు.

మీ పక్క బెంచీలో కూర్చుని, మీకన్నా బాగా చెప్పగలిగి, మధ్యలోనే ఆగిపోయినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు. వాళ్ళ గురించి రెండు మాటలు ఇక్కడ రాయండి. కనీసం మనమైనా పూర్తిగా చదువుదాం.